అమెరికా అల్లుడి చేతికి బండి తాళాలు

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి బేగంపేట అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో ఏడాదంతా కవరు కప్పి ఉంచిన కార్లు బయటపడతాయి. బ్యాటరీ డౌనైన బండిని మెకానిక్ వచ్చి కేబుళ్లు తగిలించి స్టార్ట్ చేస్తాడు. టైర్లలో గాలి నింపిస్తారు. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో అమ్మాయి, అల్లుడు, పిల్లలు దిగుతున్నారన్నమాట. వచ్చిన రెండో రోజే, ఇంకా నిద్రలు కుదరకముందే, అల్లుడుగారు "మామయ్యగారూ, కారు తాళాలెక్కడ? ప్యారడైజ్ దాకా వెళ్లొస్తాం" అంటారు. అడిగింది అల్లుడు. ఇవ్వనని ఏ మామగారు అనగలరు? "మీ బండే అనుకోండి బాబూ" అని చేతిలో పెడతారు.

మోటారు వాహనాల చట్టం అలా అనుకోదు. ఆర్‌సీలో ఎవరి పేరుందో ఆ బండి వారిదే. చెల్లుబాటయ్యే లైసెన్సు లేని మనిషిని తన బండి నడపనివ్వకూడదని 1988 నాటి ఆ చట్టంలోని సెక్షన్ 5 యజమానికే చెబుతుంది. నడపనిస్తే సెక్షన్ 180 కింద మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నడిపినవారికి సెక్షన్ 181 కింద అంతే శిక్ష వేరుగా ఉంది. అంటే ఒక్క ప్రయాణానికి రెండు కేసులు: ఒకటి అల్లుడి మీద, ఒకటి మామ మీద. చుట్టరికానికి చట్టంలో మినహాయింపు లేదు.

బేగంపేటలో ఈ విషయం మరీ చెప్పుకోవాలి. విదేశీయులు ఈ పేటకు కొత్తేమీ కాదు. రొనాల్డ్ రాస్ 1897లో దోమకూ మలేరియాకూ ఉన్న లంకె కనిపెట్టింది ఇక్కడే. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా ఊళ్లోకి దిగే విమానాలన్నీ ఇక్కడే దిగేవి. ఆ ఏడాదే పైగా ప్యాలెస్‌లో మొదలైన అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడకు తరలిపోయింది. వీసా క్యూలు పోయాయి గానీ, ఆ వీసాల మీద వెళ్లినవాళ్లు ఏటా వస్తూనే ఉన్నారు. ఇవాళ బేగంపేట రోడ్ల మీద స్టీరింగ్ పట్టుకున్న విదేశీయుల్లో ఎక్కువ మంది మన పిల్లలే. పాస్‌పోర్టు మాత్రం నీలం రంగుది.

వాళ్ల అవస్థలు చూస్తే నవ్వొస్తుంది, పక్క సీట్లో కూర్చుంటే మాత్రం గుండె జారుతుంది. మొదట ఎడమ తలుపు తీసుకుని కూర్చుంటారు. స్టీరింగ్ లేదని తెలిసి, ఏమీ జరగనట్టు గ్లవ్ బాక్సు తెరిచి మూసి, దిగి ఇటు వస్తారు. మన దగ్గర చాలా కార్లలో ఇండికేటర్ మీట కుడి చేతి వైపు ఉంటుంది. అమెరికాలో ఎడమ చేతి వైపు. అందువల్ల గ్రీన్‌ల్యాండ్స్ దగ్గర మలుపు తిరగబోయి, ఎర్రటి ఎండలో వైపర్లు ఆడించుకుంటూ పోతున్న కారు కనిపిస్తే లోపల ఎవరున్నారో అడగక్కర్లేదు. ఎదుటివాడు డిప్పర్ కొడితే "మీరు ముందు వెళ్లండి" అంటున్నాడని అక్కడ అలవాటు. ఇక్కడ డిప్పర్ కొట్టాడంటే "నేను ఆగను, నువ్వే ఆగు" అని. ఈ తేడా తెలిసేలోపే అద్దం పోతుంది. కూడలిలో నేరుగా వెళ్లడానికి నాలుగు ఇండికేటర్లూ వేసుకునే మనవాళ్లను చూసి, బండి చెడిపోయిందేమో పాపమని ఆగి దారిచ్చే అల్లుళ్లున్నారు. వెనకనున్న ఆటో హారన్ అప్పుడు ఎంతసేపు మోగుతుందో చెప్పక్కర్లేదు.

ఆ హారన్ గురించి ఒక మాట. అక్కర్లేకుండా, ఆపకుండా హారన్ కొట్టడం నేరమే. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 194ఎఫ్ ప్రకారం మొదటిసారి 1,000, మళ్లీ దొరికితే 2,000. రాంగ్ రూట్‌లో ఎదురు రావడం ఇంకా పెద్ద తప్పు. దాన్ని సెక్షన్ 184 ప్రమాదకర డ్రైవింగ్ కిందే లెక్కగట్టింది, ఏడాది దాకా జైలు పడొచ్చు. రాంగ్ రూట్‌లో వచ్చినవాడే అద్దం దించి మన అల్లుణ్ని తిట్టి పోతాడు, అది వేరే సంగతి. అయితే ఇక్కడొక మెలిక ఉంది. ఎదుటివాడు రాంగ్ రూట్‌లో వచ్చాడు కాబట్టి తప్పంతా వాడిదేనని గుడ్డిగా నమ్మకండి. ప్రమాదంలో ఇరువైపులా నిర్లక్ష్యం ఉంటే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ తప్పును పాళ్లుగా పంచుతుంది, పరిహారం ఆ మేరకు తగ్గుతుంది. లైసెన్సు లేని డ్రైవరైతే ఎదుటి వకీలు మొదట పట్టుకునేది ఆ లోపాన్నే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పాఠకులు తరచూ అడిగేది ఇదే: మా వాడికి అమెరికాలో పదిహేనేళ్లుగా లైసెన్సు ఉంది, ఇక్కడ నడపడానికి అది చాలదా?

చాలదు. మన చట్టం లెక్కలో డ్రైవింగ్ లైసెన్సు అంటే ఆ చట్టం కింద మన రవాణా శాఖ ఇచ్చింది. టెక్సాస్ కార్డు ఒక్కదాన్నే చూపిస్తే కానిస్టేబుల్ ఫొటో చూసి మెచ్చుకోవచ్చు, చట్టం మెచ్చుకోదు. దానికి తోడుగా ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. 1949 జెనీవా ఒప్పందం కింద సభ్య దేశాలు ఒకరి పర్మిట్‌ను ఒకరు గౌరవిస్తాయి. భారత్, అమెరికా రెండూ అందులో ఉన్నాయి. పర్మిట్ గడువు ఏడాదికి మించదు. లైసెన్సు ఏ దేశానిదో పర్మిట్ కూడా ఆ దేశం నుంచే రావాలి, అంటే బయల్దేరకముందే తీసుకోవాలి. ఇక్కడికొచ్చాక ఖైరతాబాద్ రవాణా శాఖ ఆఫీసు (ఆర్‌టీఏ) చుట్టూ తిరిగితే లాభం లేదు. అమెరికా లైసెన్సు మీద మన ఆర్‌టీఏ పర్మిట్ ఇవ్వదు.

రెండో దారి, చాలామంది మరిచిపోయేది, పాత భారతీయ లైసెన్సు. కుర్రాడు ఎంఎస్‌కు వెళ్లకముందు సికింద్రాబాద్‌లో తీసుకున్న కార్డు అమ్మగారి బీరువాలో చీరల కింద ఉంటుంది. దాని గడువు ఇంకా మిగిలి ఉంటే అదే చాలు. పౌరసత్వం మారినంత మాత్రాన లైసెన్సు దానంతటది చచ్చిపోదు, ఎందుకంటే చట్టం లైసెన్సు ఇచ్చేది వ్యక్తికి. గడువు దాటితే మాత్రం, ఇదివరకున్న ముప్పై రోజుల వెసులుబాటు 2019 సవరణతో పోయింది. గడువు తీరిన మర్నాడే అది వట్టి ప్లాస్టిక్ ముక్క. తీరిన ఏడాదిలోపు రెన్యువల్‌కు దరఖాస్తు చేస్తే పరీక్ష ఉండదు. ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ పరీక్షే. అన్నట్టు, ఓసీఐ కార్డు చూపించి గట్టెక్కుదామనుకునేవారున్నారు. అది జీవితకాల వీసా. దాంతో విమానం దిగొచ్చు, కారు నడపలేరు.

మూడో దారి ఏళ్ల తరబడి ఇక్కడే ఉండేవారికి: ఉద్యోగ వీసా మీద వచ్చిన జర్మన్ ఇంజనీరుకైనా, అమెరికా వదిలి తిరిగొచ్చేసిన మన కుటుంబానికైనా. పర్మిట్ గడువు ఏడాదే కాబట్టి వీరు భారతీయ లైసెన్సు తీసుకోవాల్సిందే. వీరికి చట్టం ఒక మంచి వసతి ఇచ్చింది గానీ దాని గురించి ఎవరూ చెప్పరు. సెక్షన్ 9 సబ్ సెక్షన్ 3 ప్రకారం, విదేశీ అధికారులు ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి అదే తరగతి వాహనానికి ఇక్కడ డ్రైవింగ్ పరీక్ష అక్కర్లేదు. నిబంధన మేరకు మెడికల్ సర్టిఫికెట్ జత చేయాలి. దాంతోపాటు పాస్‌పోర్టు, వీసా, నివాస రుజువు, లైసెన్సు ఇంగ్లిష్‌లో లేకపోతే అధికారిక అనువాదం పట్టుకెళ్లండి. కౌంటర్లో "అందరూ పరీక్షకు రావాల్సిందే" అంటే గొడవపడొద్దు. సెక్షన్ నంబరు రాసి, కారణం రాతపూర్వకంగా ఇవ్వమని దరఖాస్తు ఇవ్వండి. నోటి మాటకన్నా రిసీట్ ఉన్న కాగితానికి ఆఫీసుల్లో విలువెక్కువ. ఇంటర్నెట్‌లో డబ్బు కట్టించుకుని "జీవితకాల అంతర్జాతీయ లైసెన్సు" పంపుతామనే దుకాణాలను మాత్రం దగ్గరకు రానివ్వకండి. అలాంటిది లోకంలో లేదు.

ఇన్సూరెన్స్ దగ్గరకొచ్చేసరికి వ్యవహారం జరిమానాల స్థాయి దాటిపోతుంది. "మాది ఫుల్ ఇన్సూరెన్స్, ఎవరు నడిపినా వస్తుంది" అని మామగార్లు ధీమాగా అంటుంటారు. పాలసీ కాగితం వెనక్కి తిప్పి చూడండి. నడిపేవారికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండాలన్న షరతు కనిపిస్తుంది. లైసెన్సు లేని మనిషి నడుపుతుండగా ప్రమాదం జరిగితే మీ బండి రిపేరు ఖర్చు కంపెనీ ఇవ్వదు, అది తేలిక సంగతి. ఎదుటివాడికి దెబ్బ తగిలితేనో? 2004లో నేషనల్ ఇన్సూరెన్స్, స్వరణ్ సింగ్ కేసులో ముగ్గురు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు దీన్ని వివరంగా చర్చించారు. లైసెన్సు లోపం ఉన్నంత మాత్రాన బాధితుడి నోరు కొట్టడానికి లేదు. యజమాని జాగ్రత్త తీసుకోలేదని కంపెనీయే నిరూపించాలి. నిరూపించినా బాధితుడికి ముందు కంపెనీయే చెల్లించి, ఆ సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునేలా కోర్టు ఆదేశించవచ్చు. బాధితుడి వైపు నుంచి చూస్తే ఇది ఎంతో న్యాయమైన తీర్పు. మామగారి వైపు నుంచి చూస్తే, అల్లుడు తిరిగి డల్లాస్ వెళ్లిపోయిన చాలా ఏళ్లకు లక్షల రూపాయల రికవరీ నోటీసు బేగంపేట చిరునామాకు వస్తుంది.

అందుకే తాళాలు ఇచ్చేముందు కార్డు అడిగి చూడటం అమర్యాద కాదు. మరీ మొహమాటమైతే ఆ పని అత్తగారికి అప్పజెప్పండి, లేదా నెల రోజులకు ఓ డ్రైవర్ని మాట్లాడండి.

చలానాల సంగతీ అంతే. కెమెరా తీసిన ఫొటో నంబర్ ప్లేటుది, మెసేజ్ వచ్చేది ఆర్‌సీలో ఉన్న ఫోన్‌కు. అల్లుడు ఎస్పీ రోడ్డులో స్టాప్ లైన్ దాటితే మామగారి ఫోన్ మోగుతుంది. ఫలానా రోజు బండి ఎవరు నడిపారని పోలీసులు అడిగితే పేరు, చిరునామా చెప్పాల్సిన బాధ్యత సెక్షన్ 133 కింద యజమానిదే. చట్టంలో రాసిన జరిమానాకూ చలానాలో కనిపించే మొత్తానికీ తేడా ఎందుకుందని కొందరు అడుగుతారు. అక్కడికక్కడే రాజీ చేసుకునే మొత్తాన్ని సెక్షన్ 200 కింద రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. అందుకే ఊరు మారితే లెక్క మారుతుంది.

మద్యం విషయంలో మాత్రం ఏ సడలింపూ ఆశించొద్దు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 80 మిల్లీగ్రాములు. మన సెక్షన్ 185 పెట్టిన పరిమితి 30. "అక్కడ ఇంత తాగి రోజూ నడుపుతా" అనే మాట ఇక్కడ వాదన కాదు, ఒప్పుకోలు. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. అనుమానం ఉంటే గొట్టంలో ఊదమనే అధికారం సెక్షన్ 203 పోలీసులకు ఇచ్చింది. ఊదనని మొండికేస్తే వారెంట్ లేకుండా అరెస్టు చేయవచ్చు. దొరికినవారు కోర్టుకు వెళ్లేముందు కుటుంబ సభ్యుణ్ని వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు హాజరు కావాలి. ఆ ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లలో ఒకటి మన బేగంపేటలోనే ఉంది. మామా అల్లుళ్లు పక్కపక్క బెంచీల్లో కూర్చుని తాగితే కలిగే అనర్థాల గురించి వినాల్సిన రోజు రానివ్వకండి.

ట్రాఫిక్ సారు ఆపితే? యూనిఫాంలో ఉన్న అధికారి అడిగితే లైసెన్సు చూపించాలి, అది సెక్షన్ 130. మన లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్ డిజిలాకర్‌లో ఉంటే చాలు. విదేశీ పర్మిట్‌కు ఆ సౌకర్యం లేదు, బుక్‌లెట్ దగ్గరుండాలి. బండి తాళం లాక్కోవచ్చని చట్టంలో ఎక్కడా రాయలేదు. అలాగని రోడ్డు మీద రాజ్యాంగం చదవడం మొదలుపెట్టొద్దు. పేరు, హోదా అడిగి గుర్తు పెట్టుకోండి, చలానా కాగితం తీసుకోండి, రసీదు లేకుండా రూపాయి ఇవ్వకండి. లైసెన్సు తీసుకుంటే దానికి రసీదు ఇవ్వాలని సెక్షన్ 206 చెబుతోంది. విదేశీయులకూ ఇవే హక్కులు. రాజ్యాంగంలోని 14, 21, 22 అధికరణాలు పౌరుల గురించి కాదు, వ్యక్తుల గురించి మాట్లాడతాయి. 2000లో చంద్రిమా దాస్ కేసులో సుప్రీంకోర్టు జీవించే హక్కు విదేశీయులకూ ఉందని స్పష్టంగా చెప్పింది. అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందుంచాలి. అదనంగా, తన దేశ కాన్సులేట్‌కు కబురు పంపమని కోరే హక్కు 1963 వియన్నా ఒప్పందం ఇచ్చింది. దుబాయిలో మనవాడు అరెస్టయినా ఇదే హక్కు, ఇదే ఒప్పందం.

నీలం ప్లేటు మీద తెల్లక్షరాలతో కనిపించే కాన్సులేట్ కార్ల గురించి రకరకాల పుకార్లున్నాయి. గుద్దినా ఏమీ చేయలేరని, పోలీసులు ముట్టుకోకూడదని. ఢిల్లీ రాయబార కార్యాలయాల దౌత్యవేత్తలకున్న రక్షణ విస్తృతం, నిజమే. హైదరాబాద్‌లో ఉండే కాన్సులర్ అధికారులకు అంత లేదు. వారి రక్షణ విధి నిర్వహణలో చేసిన పనులకే. వాహనం వల్ల మూడో వ్యక్తికి జరిగిన నష్టంపై వేసే సివిల్ దావాకు ఆ రక్షణ వర్తించదని అదే వియన్నా ఒప్పందం 43వ అధికరణం చెబుతోంది. వారి బండ్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండి తీరాలని 56వ అధికరణం సారాంశం. నీలం ప్లేటు కారు మీ స్కూటర్‌ను గుద్దితే ఫిర్యాదు ఇవ్వండి, క్లెయిమ్ వేయండి.

సొంత కారు లేనివాళ్లు సెల్ఫ్ డ్రైవ్ బండి తీసుకుంటారు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుంటే అది అద్దెకు అనుమతి ఉన్న బండి. స్నేహితుడి స్నేహితుడు రోజుకింతని తెల్ల ప్లేటు కారు ఇస్తానంటే చవగ్గానే ఉంటుంది. సొంత వాడకానికని ఇన్సూరెన్స్ చేయించిన బండిని అద్దెకు తిప్పితే ప్రమాదం రోజున కంపెనీ చేతులెత్తేస్తుంది.

ప్రమాదమే జరిగితే ఏం చేయాలన్నది విదేశాల నుంచి వచ్చినవారిని అన్నిటికన్నా భయపెట్టే ప్రశ్న. అక్కడ ఆగి, ఫోన్ చేసి, పోలీసులు వచ్చేదాకా కదలకుండా ఉండటం అలవాటు. ఇక్కడ రెండు నిమిషాల్లో యాభై మంది పోగవుతారు. వారిలో సాయం చేసేవారు ఎక్కువే ఉంటారు గానీ చేయి చేసుకునేవారు ముందుకొస్తారు. ఈ సంగతి చట్టం రాసినవాళ్లకూ తెలుసు. గాయపడినవారికి వైద్యం అందేలా చూడటం డ్రైవర్ బాధ్యత అంటూనే, గుంపు ఆగ్రహం వల్ల అది సాధ్యం కాకపోతే తప్ప అని సెక్షన్ 134లోనే రాశారు. అంటే ప్రాణభయం ఉంటే అక్కడి నుంచి తప్పుకోవచ్చు, కానీ పారిపోకూడదు. నేరుగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి, దారిలోనే 112కు, 108కు ఫోన్ చేయండి. ఎట్టి పరిస్థితుల్లోనూ ఇరవై నాలుగు గంటలు దాటనివ్వొద్దు. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలపడం కూడా అదే సెక్షన్‌లోని బాధ్యత. గాయపడినవారిని ఆస్పత్రికి తెచ్చిన దారినపోయే మనిషిని కేసులో ఇరికించకుండా సెక్షన్ 134ఏ కాపాడుతుంది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం కింద రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండానే చికిత్స అందాలి. నిర్ణీత ఆస్పత్రుల్లో ఆ మాట గట్టిగా అడగండి.

ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల వరకు శిక్ష పడే కేసవుతుంది. బెయిలు దొరుకుతుంది. కానీ తిరుగు ప్రయాణం టికెట్ సంగతి కోర్టు అనుమతి మీద ఆధారపడుతుంది. హెచ్1బీ ఉద్యోగం ఉన్నవాడికి జైలుకన్నా ఈ నిరీక్షణే పెద్ద శిక్ష. పోలీసులు పాస్‌పోర్టు స్వాధీనం చేసుకోవచ్చు గానీ, భారతీయ పాస్‌పోర్టును అలా ఉంచేసుకునే అధికారం పాస్‌పోర్టు అధికారిదేనని 2008లో సురేశ్ నందా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వకీలును పెట్టుకునే మొదటి రోజే ఈ తీర్పు గుర్తు చేయండి.

ఇక బాధితులు మనవాళ్లే అయినప్పుడు. 2009 జూన్ 13న అన్నవరం నుంచి రాజమండ్రి వస్తున్న కారును ఆర్టీసీ బస్సు ఢీకొట్టింది. అమెరికాలో ఇంజనీరుగా పనిచేస్తున్న తెలుగు మహిళ మరణించారు. ఆమె జీతం డాలర్లలో. పరిహారం ఏ లెక్కన కట్టాలి? ట్రిబ్యునల్ సుమారు 8.05 కోట్లు ఇచ్చింది. హైకోర్టు దాన్ని 5.75 కోట్లకు తగ్గించింది. 2025లో సుప్రీంకోర్టు సుమారు 9.64 కోట్లకు పెంచింది. ప్రమాదానికీ ఆఖరి తీర్పుకూ మధ్య దాదాపు పదహారేళ్లు. ఆ మొత్తం చూసి కళ్లు తిరిగేవారికి చెప్పేదేమిటంటే, కుటుంబం కోల్పోయిన సంపాదనను లెక్కగట్టేటప్పుడు కోర్టు ఆ సంపాదన ఏ దేశంలోదని వెనకాడలేదు. జీతం కాగితాలు, పన్ను రిటర్నులు ఉన్నాయా అన్నదే చూసింది. అందుకే అలాంటి దుఃఖంలో కూడా ఇంట్లో ఎవరో ఒకరు ఆ కాగితాలు సమకూర్చాలి. దావా ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరు నివసించే చోటి ట్రిబ్యునల్‌లోనూ వేయవచ్చు. అయితే చట్టం ఇప్పుడు ఆరు నెలల గడువు పెట్టింది. "కర్మకాండలన్నీ అయ్యాక చూద్దాం" అని సంవత్సరీకం దాకా ఆగేవారు నష్టపోతారు. గుద్దిన బండి దొరక్కపోతే సెక్షన్ 161 కింద మృతుల కుటుంబానికి రెండు లక్షలు, తీవ్రంగా గాయపడినవారికి యాభై వేలు వస్తాయి.

ఇదంతా ఇటు వచ్చేవారి గొడవ. అటు వెళ్లేవారిది ఇంకో రకం. హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ గేటు దాటి సియాటిల్ దాకా వెళ్లినవారి పేర్లు అందరికీ తెలుసు. వారి వెనక విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రుల తిప్పలు ఎవరూ రాయరు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులున్న కూడలిలో ముందు వచ్చినవాడు ముందు పోవాలన్న సూత్రం మన పెద్దాయనకు అర్థమవుతుంది గానీ, అందరూ నిజంగానే అలా పోతారన్నది నమ్మబుద్ధి కాదు. ఒక్క బండి లేకపోయినా స్టాప్ బోర్డు దగ్గర పూర్తిగా ఆగాల్సి రావడం మరీ వింత. పిల్లల్ని దించడానికి పసుపు స్కూలు బస్సు ఎర్ర లైట్లు వేసి ఆగితే వెనక బండి ఆగాలి. దాటితే అక్కడ క్షమించరు. అన్నిటికన్నా ముఖ్యం, వెనక పోలీసు లైట్లు వెలిగితే మన అలవాటు కొద్దీ దిగి "సార్, సార్" అంటూ కాగితాలు పట్టుకుని వెళ్లకూడదు. పక్కకు తీసి ఆపి, సీట్లోనే కూర్చుని, చేతులు స్టీరింగ్ మీద కనిపించేలా ఉంచాలి. ఇక్కడ దిగి వెళ్లడం వినయం, అక్కడ దిగి వెళ్లడం బెదిరింపు కింద లెక్క.

లైసెన్సు నిబంధన అమెరికా అంతటా ఒకటి కాదు. నివాసం ఏర్పరచుకున్నవారు కాలిఫోర్నియాలో పది రోజుల్లో, న్యూయార్క్‌లో ముప్పై, న్యూజెర్సీలో అరవై, టెక్సాస్‌లో తొంభై రోజుల్లో స్థానిక లైసెన్సు తీసుకోవాలి. బ్రిటన్‌లో మన లైసెన్సు ఏడాది చెల్లుతుంది, జర్మనీలో ఆరు నెలలు. చైనా అయితే ఇంటర్నేషనల్ పర్మిట్‌ను అసలు గుర్తించదు. అమెరికాలో తాగి నడిపి అరెస్టయితే, నేరం రుజువయ్యేదాకా ఆగకుండా వీసా రద్దు చేసే అధికారం అక్కడి విదేశాంగ శాఖకుంది. చదువుకోవడానికి వెళ్లిన పిల్లలకు ఇది ముందే చెప్పాలి.

పర్మిట్ తీసుకోవడం ఇక్కడ కష్టమేమీ కాదు. ఫారం 4ఏ, పాస్‌పోర్టు నకలు, 1,000 రూపాయల ఫీజు, మీ ఆర్‌టీఏ కార్యాలయం. 2022 నుంచి క్యూఆర్ కోడ్‌తో దేశమంతా ఒకే నమూనా. అక్కడున్నప్పుడు గడువు తీరితే భారత రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ దరఖాస్తు చేసుకునే వీలు 2021 జనవరి నుంచి ఉంది.

గల్ఫ్ సంగతి నవ్వులాటకు లొంగదు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి వెళ్లినవారిలో డ్రైవర్లు ఎందరో. యజమాని బండి, యజమాని తొందర, స్థానిక లైసెన్సు చేతికి రాకముందే స్టీరింగ్. ఎమిరేట్స్‌లో ఉద్యోగ వీసా మీద ఉండేవారు అక్కడి పరీక్ష పాసై తీరాలి, మన లైసెన్సు మీద నడపకూడదు. ప్రమాదంలో మనిషి చనిపోతే శిక్షతోపాటు మృతుడి వారసులకు దియా అనే పరిహారం చెల్లించాలి. ఇన్సూరెన్స్ ఉండి, లైసెన్సు సరిగా ఉంటే ఆ సొమ్ము బీమా నుంచి వస్తుంది. లేకపోతే ఆ భారం కూలి డబ్బు మీద బతికే కుటుంబం మీద పడుతుంది. "లైసెన్సు వచ్చేదాకా బండి తీయను" అని మొదటి నెల చెప్పగలిగితే ఆ ఒక్క మాట ఎన్నో ఏళ్లు కాపాడుతుంది.

అలాంటి కష్టంలో ఉన్నవారి కుటుంబాలు ఏజెంట్ల చుట్టూ తిరగక్కర్లేదు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో జరిగే ప్రజావాణిలో గల్ఫ్ కార్మికుల కోసం ప్రవాసీ ప్రజావాణి కౌంటర్ 2024 సెప్టెంబరు నుంచి ఉంది. పాస్‌పోర్టు నకలు, యజమాని పేరు, కేసు వివరాలున్న కాగితం పట్టుకెళ్లండి. వకీలుకు ఇచ్చుకోలేనివారు న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ప్రభుత్వ ఖర్చుతో పెట్టిస్తారు.